తిరిగి వచ్చే పాటకు లెక్క ఎలా కట్టాలి?

అమెరికాలో 2020 జనవరి 4 తేదీతో వెలువడిన బిల్‌బోర్డ్ పత్రిక వారపు పాటల జాబితా 'హాట్ 100'లో మొదటి స్థానం మరయా కేరీ పాడిన 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యు' పాటది. వారం తిరిగి జనవరి 11 జాబితా వచ్చేసరికి ఆ పాట రెండో స్థానంలో లేదు, పదో స్థానంలో లేదు, నూరో స్థానంలోనూ లేదు. అందరికంటే పైనున్న మెట్టు మీద నుంచి నేరుగా జాబితా బయటికి వెళ్లిపోయింది. 1958లో హాట్ 100 మొదలైనప్పటి నుంచి ఏ పాటకూ అలా జరగలేదు. మళ్లీ డిసెంబరు రాగానే అదే పాట వచ్చి అదే మొదటి స్థానంలో కూర్చుంది. ఆ తర్వాతి డిసెంబర్లలోనూ అంతే.

పండగ అయిపోయాక దీపాల తోరణాలు దించేసినట్టు, ఇది మామూలు సంగతేనని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఆ ఒక్క వారంలో క్రిస్మస్ పాటల ఎనభై ఏళ్ల చరిత్ర కనిపిస్తుంది. పాటల చార్టు పుట్టిందే కొత్తగా వచ్చినవాటిని లెక్కపెట్టడానికి. ఈ వారం ఏది వచ్చింది, పోయిన వారం కంటే ఎంత ఎక్కింది, ఎంత దిగింది అన్నదే దాని చూపు. క్రిస్మస్ పాట బలమంతా తిరిగి రావడంలో ఉంది. పదకొండు నెలలు ఎవరికీ గుర్తుండదు. పన్నెండో నెలలో అమ్మ పాడిన పాటగా, నాన్న కొన్న క్యాసెట్‌గా, మొదటిసారి ఇల్లు వదిలి వెళ్లిన ఏడాది హాస్టల్ గదిలో విన్న పాటగా మళ్లీ వచ్చి చేరుతుంది. చార్టుకూ ఈ పాటకూ మొదటి నుంచీ పొంతన కుదరలేదు. అందుకే ఫలానా క్రిస్మస్ పాట ఎంత పెద్ద హిట్టో చెప్పే అంకె కనిపించినప్పుడల్లా, ఆ రోజుల్లో దాన్ని ఏ కొలతతో కొలిచారో ముందు అడగాలంటాను.

'వైట్ క్రిస్మస్' సంగతే తీసుకుందాం. రాసినవాడు ఇర్వింగ్ బెర్లిన్. రష్యా సామ్రాజ్యంలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, ఐదేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. బింగ్ క్రాస్బీ ఆ పాటను రేడియోలో మొదటిసారి పాడింది 1941 డిసెంబరు 25న. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగి అప్పటికి మూడు వారాలు కూడా నిండలేదు. 1942 మే నెలలో రికార్డు చేశారు. ఆ ఏడాదే 'హాలిడే ఇన్' సినిమాలో వచ్చింది, ఉత్తమ గీతంగా ఆస్కార్ కూడా దక్కించుకుంది. అక్టోబరు చివరికల్లా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి పదకొండు వారాలు అక్కడే ఉంది.

అక్టోబరులో క్రిస్మస్ పాటను అంతగా కొనిపించింది పండగ సంబరం అనుకోను. ఇళ్లలో కొడుకులు లేరు. వాళ్లు పసిఫిక్ దీవుల్లో, ఓడల మీద, శిక్షణ శిబిరాల్లో ఉన్నారు. సైనికుల కోసం నడిచే రేడియోకు ఈ పాట వేయమని విన్నపాలు వెల్లువెత్తాయి. వాళ్ల ముందు నిలబడి పాడాల్సి వచ్చినప్పుడు క్రాస్బీ వెనకాడేవాడు, విన్నవాళ్లు దిగులు పడిపోతున్నారని. అయినా వాళ్లు అదే అడిగేవారు. పాటలో యుద్ధం మాటే లేదు. మంచు కురిసిన ఒకప్పటి క్రిస్మస్‌ను కలగంటున్నానని ఒక మనిషి చెప్పుకోవడమే ఉంది. కలగంటున్నాడంటే అది ఇప్పుడు అతని ఎదుట లేదన్నమాట. బెర్లిన్ రాసిన ప్రతిలో ముందు ఒక చిన్న చరణం ఉండేది. అందులో కాలిఫోర్నియా ఎండ, పచ్చగడ్డి, ఊగే తాటిజాతి చెట్లు ఉంటాయి. డిసెంబరు 24న అంత వెచ్చటి చోట ఉండి, ఉత్తరాదికి వెళ్లిపోవాలని తపించే మనిషి పాట అది. క్రాస్బీ రికార్డులో ఆ చరణం లేదు. చరణం పోయినా దాని దిగులు మాత్రం పల్లవిలో మిగిలిపోయింది. బెర్లిన్‌కు డిసెంబరు 25 మరో రకంగానూ బరువైన రోజు. 1928లో ఆ తేదీనే అతని పసికొడుకు చనిపోయాడు. నెల కూడా నిండని బిడ్డ.

ఇక చార్టు దగ్గరికి వస్తే, 'వైట్ క్రిస్మస్' 1945లోనూ, 1946లోనూ మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. అమ్మకాలే కొలతగా ఉన్న రోజుల్లో ఒకే రికార్డు ఇలా తిరిగి తిరిగి రావడం అపూర్వం. ఒకసారి రికార్డు కొన్న ఇల్లు మరుసటి ఏడాది మళ్లీ కొనదు. ఆ ఇంట్లో ఎన్ని వందల సార్లు తిప్పి విన్నా ఆ వినడం ఏ లెక్కలోకీ రాదు. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డులను లక్కతో చేసేవారు. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచి వెళ్లేదే. యుద్ధం వల్ల 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టింది. అంత కరువులోనూ ఈ రికార్డును అచ్చు వేస్తూనే వచ్చారు. ఎంతగా అంటే, 1947 నాటికి రికార్డులు అచ్చు తీసే మాస్టరే అరిగిపోయింది. ఆ మార్చిలో క్రాస్బీనీ, అదే వాద్యబృందాన్నీ, అదే కోరస్‌నూ మళ్లీ పిలిపించి, పాత రికార్డును వీలైనంత యథాతథంగా మళ్లీ పాడించారు. మొదట్లో వేణువుల సందడి కాస్త పెరిగింది తప్ప తేడా పట్టుకోవడం కష్టం. ఈనాడు మనం వింటున్నది ఎక్కువగా ఆ 1947 ప్రతినే. మొత్తం 5 కోట్ల ప్రతులు అమ్ముడై ఉంటాయని గిన్నిస్ అంచనా. ఆ అంకె కంటే నన్ను ఎక్కువ కదిలించేది ఆ అరిగిపోయిన మాస్టరు. జనం ఒక పాటను ఎంత కోరుకున్నారో దానికి మించిన సాక్ష్యం ఏ చార్టులోనూ దొరకదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. మంచు పాటల్లో చాలా భాగం మండుటెండల్లో పుట్టినవే. 'లెట్ ఇట్ స్నో'ను శామీ కాన్, జూల్ స్టైన్ 1945 జులైలో హాలీవుడ్ వేడికి తాళలేక రాశారు. నాట్ కింగ్ కోల్ గొంతుతో లోకమంతా విన్న 'ద క్రిస్మస్ సాంగ్' కూడా ఆ వేసవిలోనే పుట్టింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన బాబ్ వెల్స్ ఒళ్లు చల్లబడుతుందేమోనని చలికాలపు మాటలు నాలుగు కాగితం మీద పెట్టుకుంటే, మెల్ టోర్మే వచ్చి వాటిని పాట చేశాడు. 1975 ఏప్రిల్‌లో వియత్నాంలోని సైగాన్ నగరం నుంచి అమెరికన్లను ఖాళీ చేయించేటప్పుడు పెట్టుకున్న రహస్య సంకేతం కూడా ఇలాంటిదే. ఉష్ణోగ్రత 105 ఫారెన్‌హీట్ డిగ్రీలకు చేరిందని రేడియోలో చెప్పి, వెంటనే 'వైట్ క్రిస్మస్' వేయాలని. బెర్లిన్ వదిలేసిన చరణంలోని ఎండ ముప్ఫై ఏళ్ల తర్వాత అలా వచ్చి పాట పక్కన నిలబడింది. లేనిదాన్ని తలుచుకోవడం ఈ పాటల పుట్టుకలోనే ఉంది. అందుకే మంచు ముఖం ఎరగని చోట కూడా ఇవి మనసుకు పడతాయి.

1958 ఆగస్టులో హాట్ 100 మొదలైంది. ఆ డిసెంబరులోనే ఒక క్రిస్మస్ పాట మొదటి స్థానానికి వెళ్లింది. టేపును వేగంగా తిప్పి ఉడుతపిల్లల గొంతులు సృష్టించిన 'ద చిప్‌మంక్ సాంగ్' నాలుగు వారాలు అక్కడ ఉంది. ఆ తర్వాత 61 ఏళ్లపాటు మరే క్రిస్మస్ పాటకూ హాట్ 100లో మొదటి స్థానం దక్కలేదు. 1960లు, 70లు, 80లు, 90లు. అమెరికాలో ప్రతి ఇంట్లో, ప్రతి దుకాణంలో, ప్రతి రేడియోలో డిసెంబరంతా క్రిస్మస్ పాటలు మోగిన దశాబ్దాలవి. చార్టులో చూస్తే వాటి జాడ అంతంత మాత్రం.

కారణం జనంలో లేదు, నియమాల్లో ఉంది. 1963 నుంచి 1972 వరకు బిల్‌బోర్డ్ క్రిస్మస్ పాటలను అసలు జాబితాలోంచి తీసేసి, విడిగా ఒక పండగ జాబితాలో పెట్టింది. ప్రతి డిసెంబరులోనూ పాత పాటలే వచ్చి కొత్తవాటికి అడ్డం పడుతున్నాయన్న ఆలోచన అప్పటికే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ తర్వాత కూడా పాతబడిన పాటను ప్రధాన జాబితాలోకి తిరిగి రానివ్వని నిబంధనలు చాలాకాలం నడిచాయి. కొత్త పాటకు చోటు దొరకాలన్న వాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ దాని ఫలితంగా ఒక తరం చరిత్ర కాగితం మీద తప్పుగా నమోదైంది. నేడు ఎవరైనా ఆ పాత జాబితాలు తిరగేసి, అరవైల్లో జనం క్రిస్మస్ పాటలు పెద్దగా వినలేదని రాస్తే వాళ్లను తప్పుపట్టలేం. అంకెలు అలాగే చెబుతున్నాయి మరి.

ఈ నియమాల కింద నలిగి, చివరికి గెలిచిన పాట బ్రెండా లీది. 1958లో నాష్‌విల్ నగరంలో నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ దగ్గర 'రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ' పాడినప్పుడు ఆమె వయసు 13. తండ్రి పోయిన ఇంటికి ఆ అమ్మాయి పాటే ఆసరా. రాసినవాడు జానీ మార్క్స్. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ పాట రాసినవాడూ అతనే. అతనూ యూదుడే, ఆ పండగ అతని ఇంటి పండగ కాదు. పాట మొదటి రెండేళ్లూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1960లో బ్రెండా లీ వేరే పాటలతో పేరు తెచ్చుకున్నాక 14వ స్థానం దాకా వెళ్లింది. 1990లో 'హోమ్ అలోన్' సినిమాలో వినిపించాక కొత్త తరం పిల్లలు దాన్ని తమ పాటగా చేసుకున్నారు. 2023 డిసెంబరు 9 జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. విడుదలైన 65 ఏళ్లకు. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు, రెండు రోజుల్లో 79 రాబోతున్నాయి. హాట్ 100లో మొదటి స్థానం అందుకున్నవారిలో అంత వయసువారు అంతకుముందు ఎవరూ లేరు. పదమూడేళ్ల పిల్ల గొంతుకు డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆ గౌరవం అందుకోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఆ పాటను జనం 2023లో కొత్తగా ప్రేమించడం మొదలుపెట్టలేదు. ఎప్పటినుంచో ఉన్న ప్రేమను చార్టు అప్పటికి చూడగలిగింది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ క్రిస్మస్ వారంలో మొదటి స్థానం ఎవరిదన్నది జాతీయ పందెం లాంటిది. పందెం కంపెనీలు నిజంగానే డబ్బు కట్టించుకుంటాయి. ఈ పోటీకి ఇప్పటి రూపం వచ్చింది 1973లో అంటారు. స్లేడ్ బృందం 'మెర్రీ క్రిస్మస్ ఎవ్రీబడీ'ని న్యూయార్క్‌లో రికార్డు చేసింది. బయట మంచు లేదు, వేసవి వేడి ఇంకా తగ్గలేదు. కోరస్‌కు కావలసిన ప్రతిధ్వని స్టూడియోలో రాకపోతే, ఆ భవనం నడవలోకి వెళ్లి, ఆఫీసులకు వెళ్లే జనం వింతగా చూస్తుంటే, అక్కడే నిలబడి గొంతెత్తి పాడారు. డ్రమ్స్ వాయించే డాన్ పావెల్ అంతకు కొద్ది నెలల ముందే కారు ప్రమాదంలో చావు తప్పించుకుని, జ్ఞాపకశక్తి దెబ్బతిని, అప్పుడప్పుడే కోలుకుంటున్నాడు. ఆ డిసెంబరులో బ్రిటన్‌లో బొగ్గు కొరత, కరెంటు కోతలు. కొత్త సంవత్సరం నుంచి వారానికి మూడు రోజులే కరెంటు వాడి పని చేయాలని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి చీకట్లో వచ్చిన ఆ పాట మొదటి వారమే నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. అదే పండగకు విజర్డ్ బృందం పాడిన మరో పాట నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. యాభై ఏళ్ల తర్వాత ఆ రెండూ బ్రిటన్‌లో ప్రతి డిసెంబరులోనూ పక్కపక్కనే మోగుతున్నాయి.

మన ఊళ్లకు ఈ చార్టులతో ఉన్న చుట్టరికం బోనీ ఎమ్ బృందం వైపు నుంచి వచ్చింది. 'మేరీస్ బాయ్ చైల్డ్'ను రాసింది జెస్టర్ హెయిర్‌స్టన్ అనే నల్లజాతి అమెరికన్. కరీబియన్ కలిప్సో నడకలో రాశాడు. హ్యారీ బెలఫాంటే గొంతుతో అది 1957లో బ్రిటన్ క్రిస్మస్ మొదటి స్థానం అందుకుంది. 1978లో జర్మనీలో ఫ్రాంక్ ఫేరియన్ నడిపిన బోనీ ఎమ్ అదే పాటను తమ బాణీతో కలిపి పాడి మళ్లీ అదే స్థానానికి తీసుకువెళ్లింది. ఆ బృందంగా వేదిక మీద కనిపించిన నలుగురూ కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లే. ఇలా చార్టులో మొదటి స్థానం అందుకున్న క్రిస్మస్ పాటల్లో బేత్లెహేమూ, మరియా, పశువుల తొట్టీ నేరుగా కనిపించేవి చాలా తక్కువ. మిగతావన్నీ మంచు, ఇల్లు, ప్రేమ, ఎడబాటు.

మా ఊరి చర్చి మైకు సెట్టులో ఈ పాట ఎలా చేరిందో నాకు తెలియదు కానీ, నా చిన్నప్పుడు డిసెంబరు మూడో వారం నుంచి సాయంత్రం ఐదు కాగానే ఆ క్యాసెట్ మొదలయ్యేది. తెలుగు కీర్తనల మధ్యలో ఇంగ్లిషు పాట అదొక్కటే. టేపు సాగిపోయి ఒకచోట గొంతు బరువుగా మారేది, మా అందరికీ ఆ చోటు తెలుసు. ఇన్నేళ్ల తర్వాత ఫోనులో శుభ్రమైన శబ్దంతో అదే పాట విన్నప్పుడు, ఆ చోటు రాగానే నా చెవి ఆ సాగిన గొంతు కోసమే ఎదురు చూస్తుంది. ఆ క్యాసెట్ అసలుది అయి ఉండదు, ఎవరో ఎక్కించి ఇచ్చిందే అయి ఉంటుంది. బోనీ ఎమ్ అమ్మకాల లెక్కలో మా ఊరు ఎక్కడా లేదు.

1984 సంగతి చెప్పకుండా బ్రిటన్ కథ ముగియదు. ఆ ఏడాది మొదట్లో ఒక ఆదివారం 'వామ్' అనే పాప్ జంట జార్జ్ మైకేల్, ఆండ్రూ రిడ్జ్‌లీ కలిసి మైకేల్ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లారు. కింద టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. మైకేల్ ఉన్నట్టుండి లేచి తన చిన్ననాటి గదిలోకి వెళ్లాడు. గంట గడిచాక పట్టరాని ఉత్సాహంతో కిందికి దిగి, రిడ్జ్‌లీని పైకి లాక్కుపోయి వినిపించాడు. అది 'లాస్ట్ క్రిస్మస్' పల్లవి. ఆగస్టులో స్టూడియోలో కూర్చుని వాయిద్యాలన్నీ తానే వాయించి పూర్తి చేశాడు. పోయిన క్రిస్మస్‌కు మనసు ఇచ్చి, మరునాడే దాన్ని పోగొట్టుకున్నవాడి పాట అది. నవంబరు 25న బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ పిలుపు మీద బ్రిటన్, ఐర్లండ్ గాయకులు చాలామంది లండన్‌లో ఒకచోట చేరి ఇథియోపియా కరువు బాధితుల కోసం 'డూ దే నో ఇట్స్ క్రిస్మస్' పాడారు. వాళ్లలో మైకేల్ కూడా ఉన్నాడు. ఆ పాట మొదటి స్థానంలో, అతని సొంత పాట రెండో స్థానంలో నిలిచాయి. తన పాట మీద వచ్చిన రాయల్టీని కూడా అతను ఆ కరువు సాయానికే ఇచ్చేశాడు.

గెల్డాఫ్ పాట 30 లక్షలకు పైగా అమ్ముడై, ఆకలితో ఉన్నవాళ్ల కోసం నిధులు తెచ్చింది. ఆ మేలును తక్కువ చేయను. కానీ ఆ పాట అడిగిన ప్రశ్న మాత్రం తప్పు ప్రశ్న. వాళ్లకు క్రిస్మస్ అంటే తెలుసా అని ఇథియోపియా గురించి అడగడమా! నాలుగో శతాబ్దంలోనే అక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవాన్ని స్వీకరించిన నేల అది. ఇంగ్లండ్‌లో ఆ మతం వేళ్లూనుకోకముందే అక్కడ క్రీస్తు జననాన్ని పండగ చేసుకునేవారు. నేటికీ జనవరి 7న గెన్నా పేరుతో చేసుకుంటున్నారు. నీల నైలు నది పుట్టేదీ అక్కడే, ఆ పాటేమో ఆఫ్రికాలో నదులే పారవన్నట్టు చెబుతుంది. చార్టులో మొదటి స్థానం ఎంతమంది కొన్నారో చెబుతుంది, పాడిన మాట నిజమో కాదో చెప్పదు. ఈ తేడా మరిచిపోవడం వల్ల ఒక ఖండం గురించి రెండు తరాల పిల్లల మనసుల్లో ఏ బొమ్మ పడిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

'లాస్ట్ క్రిస్మస్' మాత్రం ఓపికగా తిరిగి వస్తూనే ఉంది. 2007 జనవరి నుంచి బ్రిటన్ చార్టు దుకాణంలో దొరకని పాత పాటల డౌన్‌లోడ్‌లను కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 2014 జులై నుంచి ఆన్‌లైన్‌లో వినడాన్నీ చేర్చింది. 2021 జనవరి 1న వెలువడిన జాబితాలో, విడుదలైన 36 ఏళ్లకు, 'లాస్ట్ క్రిస్మస్' మొదటి స్థానం చేరింది. 2023లో క్రిస్మస్ వారపు కిరీటమూ దక్కింది, 2024లో మళ్లీ దక్కింది. వాటిని చూడటానికి జార్జ్ మైకేల్ లేడు. 2016 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజునే, 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

అట్లాంటిక్‌కు ఆవల మరయా కేరీ పాటదీ ఇదే కథ. 1994లో వాల్టర్ అఫనాసియెఫ్‌తో కలిసి ఆమె రాసిన ఆ పాటను కంపెనీ అమెరికాలో విడి రికార్డుగా అమ్మలేదు. విడిగా అమ్మని పాటకు హాట్ 100లో చోటు ఇవ్వకూడదన్నది అప్పటి నియమం. అంటే అందరూ వింటున్న పాట చార్టు దృష్టిలో పుట్టనే లేదు. 1998 డిసెంబరులో ఆ నియమం సడలింది. 2000 జనవరిలో ఆ పాట 83వ స్థానంలో కనిపించింది. 2012లో ఆన్‌లైన్ వినికిడి లెక్కలోకి వచ్చింది, పాత పాటల మీద అడ్డంకి కూడా తొలగింది. 21వ స్థానం. 2017లో తొలి పదిలోకి. 2019 డిసెంబరు 21 జాబితాలో మొదటి స్థానం. ఇరవై ఐదేళ్లలో ఆ పాటలో ఒక్క స్వరం మారలేదు. మారినవన్నీ లెక్క కట్టే పద్ధతులే.

కొనడాన్ని లెక్కపెట్టినంత కాలం పాత పాట ఓడిపోక తప్పలేదు. వినడాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టగానే గెలిచింది. నా దృష్టిలో ఇది న్యాయమే. ఒక ఇంట్లో నలభై ఏళ్లుగా మోగుతున్న పాటను గుర్తించని కొలత కంటే, గుర్తించే కొలత మేలు.

అయితే దీనికీ ఒక మూల్యం ఉంది. ఇటీవలి డిసెంబరు చివరి వారాల్లో హాట్ 100 తొలి పది స్థానాలు దాదాపు అన్నీ పాత పండగ పాటలవే అవుతున్నాయి. ఆ నెలలో కొత్త పాట విడుదల చేయడానికి గాయకులు జంకుతారు. కొత్త క్రిస్మస్ పాట రాసినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్ల పోటీ ఆ ఏడాది వచ్చిన పాటలతో లేదు, క్రాస్బీతో, నాట్ కింగ్ కోల్‌తో, బ్రెండా లీతో ఉంది. పైగా ఇదొక గిరగిర తిరిగే చక్రం. డిసెంబరు రాగానే యాప్ తెరిస్తే ముందు కనిపించే పాటల వరుసలో అవే పాటలు ఉంటాయి. అమెరికాలో చాలా రేడియో స్టేషన్లు నవంబరు నుంచే పూర్తిగా క్రిస్మస్ పాటలకు మారిపోయి అవే తిప్పుతాయి. జనం అవే వింటారు, వాళ్లు విన్నారని మరుసటి ఏడాది మళ్లీ అవే ముందు పెడతారు. ప్రేమ ఎక్కడ ఆగి అలవాటు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమవుతోంది.

అందుకని వీటిని మళ్లీ విడి జాబితాలోకి నెట్టేయాలనే వాదనను నేను ఒప్పుకోను. పండగ పాటల కోసం బిల్‌బోర్డ్‌కు 2011 నుంచి వేరే జాబితా ఎలాగూ ఉంది. అసలు జాబితాలోంచి తీసేస్తే 1963 నాటి పొరపాటే మళ్లీ చేసినట్టు, డిసెంబరులో జనం ఏం వింటున్నారో చరిత్రకు మళ్లీ తెలియకుండా పోతుంది. మార్పు రావాల్సింది పాటల వరుసలు తయారుచేసేవాళ్ల దగ్గర. పది పాత పాటల మధ్య రెండు కొత్తవి పెడితే వినేవాళ్లు పారిపోరు. రికార్డు కంపెనీలు కూడా క్రిస్మస్ పాటను ఒక్క సీజన్ అమ్మకంతో తూచడం మానాలి. అరియానా గ్రాండే 'శాంటా టెల్ మీ' 2014లో వచ్చింది. ఏటా కొంచెం కొంచెం పైకి జరుగుతూ ఎన్నో ఏళ్లకు తొలి పదిలోకి చేరింది. మొదటి డిసెంబరు అంకెలు చూసి దాన్ని పక్కన పడేసి ఉంటే ఆ పాట ఈనాడు లేదు. పదేళ్లు తిరిగి రానిస్తేగాని ఒక పాట క్రిస్మస్ పాట అవునో కాదో తేలదు.

ఏ లెక్కా లేకుండా ఇంతకంటే ఎక్కువ కాలం తిరిగి వస్తున్న పాటలు మన దగ్గర ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు కట్టిన కీర్తనలను ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వేరు వేరు సంఘాల వాళ్లు ఒకే పుస్తకంలోంచి పాడుతున్నారు. వాటికి రికార్డు అమ్మకాల లెక్క లేదు, మొదటి స్థానం లేదు. ఇప్పుడు ప్రతి డిసెంబరుకూ యూట్యూబ్‌లో కొత్త తెలుగు క్రిస్మస్ పాటలు వరదలా వస్తున్నాయి. వాటి కింద ఎంతమంది చూశారన్న అంకె కూడా ఉంటోంది. ఆ అంకె కోసమే పాట కట్టే ధోరణి కొందరిలో పెరగడం చూస్తున్నాను, అది నాకు నచ్చడం లేదు.

పోయిన డిసెంబరులో మా సంఘం యువకులతో క్యారల్స్‌కు వెళ్లాను. ఆటోలో హార్మోనియం, డోలక్, కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం, దానిలో బ్యాటరీ బల్బు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే చివరి వీధి చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర. ఆఖరి ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పిల్లలు ఇద్దరూ అమెరికాలో. కుర్రాళ్లు యూట్యూబ్‌లో బాగా నడుస్తున్న కొత్త పాట ఎత్తుకున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి పూర్తయ్యేదాకా విన్నారు. "అది కూడా పాడండి నాయనా" అన్నారు. ఏదని ఎవరూ అడగలేదు. హార్మోనియం వాయించే అబ్బాయి శ్రుతి సరిచూసుకుని పాత కీర్తన అందుకున్నాడు. రెండో చరణం దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. "మా నాన్నగారు ఇక్కడ కిందికి దిగేవారు కాదు" అని, తనే గొంతు సవరించుకుని ఆ వరస పాడి చూపించారు. వాళ్లు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.